వినవలసిన వేళ
(మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతి సందర్భంగా చేసిన స్మారకోపన్యాస పాఠం)

విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజున, ఆయన పేరు మీద, అందులోనూ హైదరాబాదులో మాట్లాడుతున్నాను. ఆ మహానుభావుడి ఆనకట్టల గురించి, ఆటోమేటిక్ గేట్ల గురించి ఇలాంటి సభల్లో ఎందరో చెప్పారు, నాకంటే బాగా చెప్పారు. ఆయన ఈ నగరానికి వచ్చిన సందర్భం నుంచి బయలుదేరి నేను వేరే దారిలో వెళతాను.

నగరం నడిబొడ్డుకు దగ్గరలో ఒక పాత నివాస ప్రాంతం ఉంటుంది. పాత క్వార్టర్లో, ఇరుకు వీధుల బస్తీయో, నాలుగు దశాబ్దాల కిందటి అపార్టుమెంట్లో. దాన్ని తీసేసి ఎత్తయిన భవనాలు కట్టాలని ప్రతిపాదన వస్తుంది. ఆ ప్రతిపాదనను స్థానికంగా ఎవరో పరిశీలించాలి, జనం మాట వినాలి. ఎవరు వినాలి, ఎంతసేపు వినాలి అని మనం తరచు వాదించుకుంటాం. ఎప్పుడు వినాలన్నది వాటికంటే పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం. ప్లాను గీశాక జరిపే విచారణలో జనం చేతికి దక్కేది ఒక్కటే: ఆపే శక్తి. అదీ దక్కితే. ప్లాను గీయకముందు జరిపితే ఆ ప్లానును తయారుచేసే పనిలో వాళ్లకు భాగం దక్కుతుంది. గత నూరేళ్లలో నగరాలు పడ్డ కష్టంలో చాలా భాగం ఈ రెండు వేళలనూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చింది.

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలుపు మీద విశ్వేశ్వరయ్యగారు వచ్చారు. మూసీ, ఈసీ నదుల మీద ఎగువన జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చినవే. నగరానికి మురుగు కాలువల వ్యవస్థ కావాలని కూడా చెప్పారు. 1912లో, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. నది ఒడ్డున తోటలు, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, పత్తర్‌గట్టీ దుకాణాల వరస, మల్లేపల్లి, ఆజంపురా వంటి చోట్ల అద్దె ఇళ్లు ఆ కాలపు పనులే. కూల్చడంతో సరిపెట్టక ఇళ్లు కూడా కట్టించిన సంస్థగా ఆ బోర్డుకు పేరుంది. ఆ పేరు ఎంత విలువైనదో తెలియాలంటే బొంబాయి వైపు చూడాలి. 1896లో ప్లేగు వచ్చిన తర్వాత 1898లో అక్కడ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. అది గాలి, వెలుతురు పేరిట ఇరుకు చాళ్లను పడగొట్టింది. అందులో ఉన్నవాళ్లు పక్క వీధుల్లోకి చేరి అక్కడి ఇరుకును పెంచారు. రెండు నగరాల్లోనూ గీత గీసింది పైనుంచే. ఆనాటి పద్ధతి అది. దయగల పాలకుడు ఉన్నచోట ఫలితం బాగుంది, లేనిచోట లేదు.

ఇక బోస్టన్ కథ కొంచెం నిదానంగా చెప్పుకుందాం. నగర పునర్నిర్మాణం గురించి ప్రపంచం నేర్చుకున్న పాఠాల్లో సగం అక్కడివే.

బోస్టన్ వ్యాపార కేంద్రానికి ఆనుకుని, చార్లెస్ నది పక్కన, వెస్ట్ ఎండ్ అనే పేట ఉండేది. దాదాపు 48 ఎకరాలు. ఇటాలియన్లు, యూదులు, పోలిష్ వాళ్లు, ఇంకా ఎన్నో వలస కుటుంబాలు ఇటుక ఇళ్లలో అద్దెకు ఉండేవారు. అద్దెలు తక్కువ. మెట్లు ఇరుకు. వీధి మాత్రం ఇంట్లో భాగంలా ఉండేది. 1953లో నగరపాలకులు ఈ పేటను మొత్తంగా తీసేసి కొత్త నివాసాలు కట్టిస్తామని ప్రకటించారు. 1949 నాటి కేంద్ర గృహనిర్మాణ చట్టం ప్రకారం ఇలాంటి పనుల్లో నికర వ్యయంలో మూడింట రెండు వంతులు కేంద్రం భరిస్తుంది. పని చేయకపోతే ఆ డబ్బు రాదు. కాబట్టి పని చేయాలి. మన అధికారులకూ తెలియని తర్కమేమీ కాదు ఇది.

ప్రకటనకూ కూల్చివేతకూ నడుమ అయిదేళ్లు గడిచాయి. ఎలాగూ పోయే ఇళ్లు కదా అని యజమానులు మరమ్మతులు మానేశారు. పేట మరింత పాడయింది. పాడయిందన్నదే దాన్ని కూల్చడానికి కారణంగా మళ్లీ కాగితాల్లోకి ఎక్కింది. 1957 అక్టోబర్‌లో హెర్బర్ట్ గాన్స్ అనే సమాజ శాస్త్రవేత్త అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని నెలల తరబడి ఉన్నాడు. ఆయన గమనించిన వాటిలో ఒక సంగతి మన వృత్తివాళ్లు గుర్తుంచుకోదగినది. చాలామంది నివాసులకు తమ పేట నిజంగా పోతుందన్న నమ్మకం చివరిదాకా కలగలేదు. ఇన్నేళ్లుగా అంటున్నారు, ఏదీ జరగలేదు, ఇప్పుడు మాత్రం జరుగుతుందా అనుకున్నారు. ప్రణాళికా కార్యాలయంలో వారం వారం కదిలే ఫైలు వీధిలో ఎవరికీ కనిపించదు. 1958 ఏప్రిల్‌లో స్వాధీనపు ఉత్తరాలు ఇళ్లకు చేరాయి. 1960 నాటికి పేట నేలమట్టమైంది. సుమారు 2,700 కుటుంబాలు చెదిరిపోయాయి. ఆ స్థలంలో చార్లెస్ రివర్ పార్క్ పేరిట ఎత్తయిన అపార్టుమెంట్లు లేచాయి. పాత నివాసుల్లో అత్యధికులకు అందుబాటులో లేని అద్దెలవి. గాన్స్ పుస్తకం 1962లో వచ్చింది. ఆ పేట అద్దెలు తక్కువైన ప్రాంతమే గాని మురికివాడ కాదని ఆయన వాదన. మరుసటి ఏడాది మార్క్ ఫ్రీడ్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త తరలిపోయినవారి మీద చేసిన అధ్యయనం ప్రచురించాడు. వాళ్లలో చాలామంది ఆత్మీయులు చనిపోయినప్పుడు పడే దుఃఖం లాంటిదే పడుతున్నారని ఆయన తేల్చాడు. బోస్టన్ పునరాభివృద్ధి సంస్థ అధిపతి క్షమాపణ చెప్పింది 2015లో. అప్పటికి అరవై ఏళ్లు కావస్తోంది.

నిరంకుశంగా చేశారు, జనాన్ని అడగలేదు అని మనం తేలిగ్గా అనేస్తాం. అది సగం నిజమే. 1949 చట్టంలో బహిరంగ విచారణ తప్పనిసరి. తేదీ, సమయం, స్థలం, ఉద్దేశం ప్రకటించి విచారణ జరపనిదే భూమి తీసుకోకూడదని అందులోనే రాసి ఉంది. అంటే విచారణ ఉంది. అయితే ఏ ఎకరాలు పోవాలో, వాటి స్థానంలో ఏ తరహా ఇళ్లు రావాలో అప్పటికే నిశ్చయమైపోయింది. మిగిలింది ఔనా, కాదా అన్న ప్రశ్న. దానికి జవాబు చెప్పేది విచారణ జరిపినవారే. 1954లో బెర్మన్ వర్సెస్ పార్కర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ ధోరణికి బలం చేకూర్చింది. వాషింగ్టన్ నగరంలో ఒక దుకాణదారు తన దుకాణంలో ఏ లోపమూ లేదన్నాడు. ప్రాంతం మొత్తాన్ని కలిపి చూడవచ్చునని, ఒక్కొక్క కట్టడాన్ని విడిగా తూచనక్కరలేదని కోర్టు అంది. అలా న్యాయస్థానం తలుపు కూడా మూసుకున్నాక జనానికి వీధి ఒక్కటే మిగిలింది.

1961 ఫిబ్రవరిలో న్యూయార్క్ నగరం వెస్ట్ విలేజ్‌లో 14 బ్లాకులను శిథిల ప్రాంతంగా గుర్తించాలని ప్రతిపాదించినప్పుడు ఆ పేటలోనే ఉండే జేన్ జేకబ్స్, ఆమె ఇరుగుపొరుగువారు దాదాపు ఏడాదిపాటు పోరాడి ఆపించారు. ఈ విజయం అందరికీ తెలుసు. దాని తరువాయి భాగం చాలామందికి తెలియదు. ఆపించిన తర్వాత వాళ్లు ఊరుకోలేదు. 1963లో తమ ప్లాను తామే తెచ్చారు. ఎవరినీ ఖాళీ చేయించకుండా, ఖాళీ జాగాల్లో, లిఫ్టు అక్కరలేని అయిదంతస్తుల ఇళ్లు. వాటికి అనుమతులు, నిధులు దక్కించుకుని 420 ఇళ్లు కట్టడం పూర్తయ్యేసరికి 1970ల నడుమకు వచ్చాం. పద్నాలుగు బ్లాకులను ఆపడానికి ఒక ఏడాది పడితే, నాలుగు వందల ఇళ్లు కట్టించుకోవడానికి పదేళ్లకు పైగా పట్టింది. పౌరుల చేతికి ఆపే సాధనాలే ఉన్నాయని, చేసే సాధనాలు లేవని చూపడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

1970ల తర్వాత ఆ దేశంలో ఆపే సాధనాలు బాగా పెరిగాయి. పర్యావరణ సమీక్ష, వారసత్వ సమీక్ష, ఇరుగుపొరుగు మండళ్ల సమీక్ష, వాటి మీద అప్పీళ్లు. ప్రతి ఒక్కటీ వెస్ట్ ఎండ్ వంటి గాయానికి వేసిన కట్టే, అందులో సందేహం లేదు. వాటి మొత్తం ఫలితం మాత్రం వేరే అన్యాయం. 2021 అక్టోబర్ 26న శాన్‌ఫ్రాన్సిస్కో సూపర్వైజర్ల మండలి 469 స్టీవెన్‌సన్ వీధిలోని ప్రతిపాదన మీద ఓటు వేసింది. నగర కేంద్రానికి అడుగుల దూరంలో కార్లు నిలుపుకునే ఖాళీ స్థలం అది. అక్కడ 27 అంతస్తుల్లో 495 ఇళ్లు కడతామన్నారు. అక్కడ కూల్చవలసిన ఇల్లు ఒక్కటీ లేదు. భూకంప భద్రత, పక్కనున్న పేదల మీద పెరిగే అద్దెల ఒత్తిడి వంటివి పర్యావరణ నివేదికలో సరిగా పరిశీలించలేదని మండలి 8-3 ఓట్లతో నివేదికను తోసిపుచ్చింది. అద్దెల భయం ఉత్తిది కాదు. ఆ పేటలోని ఫిలిపినో కుటుంబాలు దాన్ని చాలాకాలంగా అనుభవిస్తున్నాయి. అయినా ఆ భయానికి జవాబు వెతకవలసిన సమయం పర్యావరణ నివేదిక మీద అప్పీలు కాదు. అనుమతి చివరికి 2023లో వచ్చింది. ఈలోగా ఇళ్ల కరువు ఉన్న నగరంలో ఆ స్థలంలో కార్లు నిలిచాయి.

మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రణాళికా మండళ్ల సమావేశాల మినిట్సు పట్టుకుని బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ ఐన్‌స్టీన్, డేవిడ్ గ్లిక్, మాక్స్‌వెల్ పామర్ చేసిన పరిశోధన 2019లో పుస్తకంగా వచ్చింది. ఆ సమావేశాల్లో లేచి మాట్లాడేవారిలో వయసు మళ్లినవారు, మగవారు, సొంత ఇల్లున్నవారు, ఏళ్లుగా అక్కడే ఉంటున్నవారు జనాభాలో తమ వాటాను మించి ఉన్నారని, కొత్త ఇళ్లకు వ్యతిరేకంగా మాట్లాడేవారే అత్యధికులని వాళ్లు చూపించారు. ఇందులో ఆశ్చర్యం లేదు. రేపు ఆ ఇళ్లలోకి రాబోయే నర్సు, డ్రైవరు, ఇంకా పెళ్లికాని గుమాస్తా ఈ రోజు ఆ పేటలో లేరు. వాళ్ల చిరునామాకు నోటీసు వెళ్లదు. బోస్టన్‌లో ఉన్నవాళ్లను వినలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో రాబోయేవాళ్లను వినే మార్గమే లేదు. ఎదురెదురుగా కనిపించే ఈ రెండు తప్పులకూ మూలం, ప్లాను పూర్తయ్యాకే ప్రజల వంతు రావడం.

ముందే వినడం అంటే ఎలా ఉంటుందో ఒకాయన మన దేశంలోనే చేసి చూపాడు. 1914లో మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్‌లాండ్ ఆహ్వానం మీద స్కాట్లండ్ నుంచి ప్యాట్రిక్ గెడ్డెస్ వచ్చాడు. నగరాల మీద ఆయన సమకూర్చిన ప్రదర్శనశాల సామగ్రి వేరే ఓడలో వస్తుండగా జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ఆ ఓడను ముంచేసింది. మన పెద్దవాళ్లు మద్రాసు మీద గుండ్లు కురిపించిందని చెప్పుకునే ఎండెనే అది. స్నేహితులు పటాలు, బొమ్మలు మళ్లీ సేకరించి పంపితే 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన జరిగింది. ఆ తర్వాత గెడ్డెస్ ఊరూరా తిరిగి నివేదికలు రాశాడు. తంజావూరులో, మదురైలో మునిసిపల్ ఇంజనీర్లు ఇరుకు పేటల మధ్య నుంచి తిన్నని వెడల్పు రోడ్లు గీసి ఉంచారు. ఆయన ఆ పటాలు చేతపట్టుకుని సందుల్లో నడిచాడు. ఏ ఇల్లు నిజంగా కూలడానికి సిద్ధంగా ఉంది, ఏ పెరడు ఖాళీగా ఉంది, ఏ చెట్టు కింద జనం కూర్చుంటారు, బావి ఎక్కడ, గుడి ఎక్కడ అని గుర్తులు వేసుకున్నాడు. ఆ తర్వాతే గీత. అప్పుడు రోడ్డు కాస్త వంకర తిరుగుతుంది, పడిపోయిన రెండిళ్ల స్థలం చిన్న కూడలి అవుతుంది, చాలా ఇళ్లు మిగులుతాయి, ఖర్చూ తగ్గుతుంది. మందు రాసేముందు రోగిని చూడాలన్నది ఆయన పట్టుదల.

ఇండోరులో ఆయన మరో అడుగు వేశాడు. ప్లేగు, మలేరియాతో నలిగిపోతున్న ఆ ఊళ్లో దీపావళికి పెద్ద ఊరేగింపు ఏర్పాటు చేయించి, ఎక్కువ ఇళ్లు శుభ్రపడి, మరమ్మతు జరిగిన వీధుల గుండానే అది వెళుతుందని చాటింపు వేయించాడు. దాంతో ప్రతి వీధీ తన ఇళ్లను తనే తనిఖీ చేసుకుంది. ఆయన ఇండోరు నివేదిక 1918లో అచ్చయింది. సంస్థానాధీశుడి అండ లేకుంటే ఆయన ఇదంతా చేయగలిగేవాడు కాదన్నది కూడా నిజమే. ఆ అండను చట్టంగా మార్చే పని మనకు మిగిలింది. మనం దాన్ని సగమే చేశాం.

1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం ఆంధ్ర ప్రాంతపు పట్టణాలకు చాలాకాలం ఆధారం. ముసాయిదా స్కీము ప్రకటించి అభ్యంతరాలు తీసుకోవాలన్న ఏర్పాటు అందులో ఉంది. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టమూ మాస్టర్ ప్లానుకు ఆ పద్ధతినే ఉంచింది. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను మునిసిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాల్లో మొదటిదిగా చేర్చింది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న ఊళ్లకు వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. ఇదంతా పెద్ద పటాల సంగతి. ఒక కాలనీ తీసి టవర్లు కట్టే ప్రతిపాదన దగ్గరకు వచ్చేసరికి చట్టం ఒక్కసారిగా మౌనం వహిస్తుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు అనుమతి కావాలంటూనే, భవన నిర్మాణాలకూ టౌన్‌షిప్పులకూ ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదని మినహాయించింది. అదే ఏడాది మన ప్రభుత్వం జీవో 86తో హైదరాబాదులో ఫ్లోర్ స్పేస్ పరిమితి తీసేసింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ సరిపోతే ఎత్తు పెరుగుతుంది. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా, దాని మీద బహిరంగ విచారణ ఉన్నాయి. అయితే ప్రభుత్వం భూమి సేకరించినప్పుడే అది వర్తిస్తుంది.

దీనివల్ల ఏమవుతుందో ఢిల్లీ చూపింది. సరోజినీ నగర్, నౌరోజీ నగర్ వంటి ఏడు ప్రభుత్వ కాలనీలను పునర్నిర్మించాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. రెండేళ్లకు 14,000 పైచిలుకు చెట్లు పోతాయని జనానికి తెలిసింది. వీధిలోకి వచ్చి చెట్లను కౌగిలించుకున్నారు. 2018 జూన్‌లో హైకోర్టు నరికివేతను ఆపింది. ఆ తర్వాత చెట్లు మిగిలేలా డిజైన్లు మారుస్తామని ప్రభుత్వమే చెప్పింది. మార్చడం సాధ్యమేనన్నమాట. గీయకముందు ఎవరూ అడగలేదు.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక పట్టణంలో పాత క్వార్టర్ల స్థలంలో కొత్త నివాసాలు కట్టే విషయమై జరిగిన విచారణలో కూర్చున్నాను. ఊరు పేరు అనవసరం. గోడకు ప్లాను అంటించారు. సర్వే నంబర్లు, హద్దులు, పార్కింగ్, అన్నీ చక్కగా ఉన్నాయి. క్వార్టర్ల గేటు దగ్గర వేపచెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ వచ్చి, “ఇందులో నా బండి ఎక్కడండీ?” అని అడిగింది. “నీకు స్థలం కాగితాలు ఏమైనా ఉన్నాయామ్మా?” అని అధికారి అడిగాడు. నిందించడానికి కాదు, రిజిస్టరులో ఆ గడి నింపాలి కాబట్టి. ఆమె లేవంది. గడిలో అడ్డగీత పడింది. చివరి గడిలో “పరిశీలించి తిరస్కరించడమైనది” అని రాశారు. అలాంటి రిజిస్టర్లు నేను చాలా చూశాను. ఆ వాక్యానికి బదులు వేరే వాక్యం రాసి ఉన్న పేజీలు తక్కువ. ఆ బండికి పదడుగుల నీడ చాలు. గోడమీద ఉన్నది తుది ప్లాను కాబట్టి ఆ పదడుగులు చేర్చడానికి టెండరు మొత్తం మార్చాలి. ముందు అడిగి ఉంటే ఒక పెన్సిలు గీతతో పోయేది.

ఈ మాటలన్నీ చివరికి మళ్లీ మూసీ దగ్గరకే వస్తాయి. 2024 సెప్టెంబర్ చివర్లో చాదర్‌ఘాట్ పరిసరాల్లో నది గర్భంలో ఉన్న ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీఎక్స్ అని గుర్తులు వేశారు. కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్రూం ఇళ్లకు తరలించారు. నది గర్భంలో ఇల్లు ప్రమాదమే. 1908ని చదివిన ఏ ఇంజనీరూ కాదనడు. ఎవరో ఒకరు వాళ్లను అక్కడినుంచి లేవదీయక తప్పదని విశ్వేశ్వరయ్యగారూ అనేవారేమో. కానీ గోడ మీద రంగు పడ్డాకే చాలామందికి తమ ఇల్లు ఏ గీతకు ఇటు ఉందో, అటు ఉందో తెలిసింది. పిల్లల బడి ఏమవుతుంది, పాతబస్తీలో పనికి వెళ్లే మనిషి కొత్త చోటినుంచి ఎలా వస్తాడు అన్న ప్రశ్నలు రంగు తర్వాత పుట్టాయి. ప్రశ్నలు కొత్తవి కావు. అవి అడిగే వేళ తప్పింది.

కాబట్టి నా సూచన చాలా పరిమితమైనది. ఏ నివాస పునర్నిర్మాణానికైనా కన్సల్టెంటును నియమించకముందే, ఖాళీ పటంతో, ఆ ప్రాంతంలో ఒక సభ జరగాలి. నోటీసులో సర్వే నంబర్లతోపాటు వీధి పేర్లు, గుడి, మసీదు, రేషన్ షాపు, బస్టాపు గుర్తులు ఉండాలి. అద్దెదారుకు, బండివాడికి కూడా మాట్లాడే అర్హత ఉండాలి. అక్కడ ఇంకా లేనివాళ్ల తరఫున మాట్లాడడానికి, ఆ ఊళ్లో సొంతిల్లు లేని కుటుంబాల లెక్కతో, మునిసిపాలిటీయే ఒకరిని నియమించాలి. ప్రతి మాటకూ రాతలో జవాబు ఇవ్వాలి. తిరస్కరిస్తే కారణం చెప్పాలి. ఆ తర్వాత గీసిన ప్లాను మీద జరిగే రెండో విచారణ మాత్రం చిన్నదిగా, గడువుకు కట్టుబడి ఉండాలి. మొదటి సభలో తేలిన విషయాన్ని అక్కడ తిరగదోడకూడదు. ఇళ్లు కట్టాలనుకునేవారికి ఇది అడ్డంకి అవుతుందని కొందరంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక్క స్థలం మీద పోయిన కాలాన్ని చూశాక నాకు ఆ వాదనలో బలం కనిపించదు.

ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. ముందస్తు సభ జరపవద్దని ఏ మునిసిపల్ చట్టమూ చెప్పలేదు. ఈ సభలో పట్టణ ప్రణాళికాధికారులు ఉన్నారు, రేపు ఆ పదవుల్లోకి రాబోయే విద్యార్థులు ఉన్నారు. ఒక పటం, ఒక షామియానా, రెండు సాయంత్రాలు, జవాబులు రాయడానికి ఒక గుమాస్తా. ఏ కమిషనరైనా తన పరిధిలో, తన బడ్జెట్లో, ఈ నెలలోనే చేయగల పని ఇది.